సున్న ఎక్కడికి పోయినది?
కంప్యూటరు అమరిక ఫైళ్ళపై ఒక విమర్శ

ప్రొద్దుటూరు టెలిఫోను కోడు 08564. జమ్మలమడుగుది 08560, పులివెందులది 08568, కడపది 08562. ఇవి సంఖ్యలా? అంకెలతో వ్రాసినాము గనుక సంఖ్యలే అని తోచవచ్చును. కాని 08564లో నుండి 08560 తీసివేయగా మిగిలిన 4కు అర్థమేమి? అది ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు నడుమ గల దూరము కాదు. రెండు ఊళ్ళ జనాభాలో తేడా అంతకన్నా కాదు. ఈ కోడులను ఎవరూ కూడరు, ఎవరూ హెచ్చవేయరు. ఇవి అంకెలతో వ్రాసిన పేర్లు. పేరులో మొదటి అక్షరము తుడిచివేస్తే అది మరొక పేరు అగును. అట్లే ఇక్కడ మొదటనున్న సున్నకు విలువ లేదనుకొని తీసివేస్తే ఫోను మ్రోగదు.

మనిషికి ఇంత తేలికగా తెలిసే ఈ భేదము కంప్యూటరుకు ఎట్లు తెలియవలెను? మనము చెప్పవలెను. ఎక్కడ చెప్పవలెను? ఈ వ్యాసమునకు విషయము అదియే.

ఒక పెద్ద సంస్థలో నడిచే సాఫ్ట్‌వేరును ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క విధముగా మరల వ్రాయరు. ప్రోగ్రాము ఒక్కటే, ఊరినిబట్టి, శాఖనుబట్టి మారే వివరములను మాత్రము వేరుగా ఒక ఫైలులో ఉంచుదురు. దీనినే కాన్ఫిగరేషను ఫైలు అందురు. మనము అమరిక ఫైలు అనుకొందాము. ప్రొద్దుటూరులో ఒక బంగారు నగల వర్తకుడు ఉన్నాడనుకొనండి. ఆ ఊరి బంగారు అంగళ్ళ ఖ్యాతి పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అతనికి జమ్మలమడుగులోను, పులివెందులలోను శాఖలున్నవి. ఏ శాఖ ఎన్ని గంటలకు తెరవవలెను, పన్ను ఎంత, అరువు ఎంతవరకు ఇవ్వవచ్చును, రాత్రి లెక్కలు పంపుటకు ఎంతసేపు వేచియుండవలెను - ఇవన్నియు అమరిక ఫైలులో ఉండును. ప్రోగ్రాము వ్రాసినవాడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండును. అమరిక ఫైలును దిద్దేవాడు మాత్రము శాఖలో కంప్యూటరు చూచుకొనే గుమాస్తా. ప్రోగ్రాములో తప్పు దొర్లకుండ పదిమంది పరీక్షింతురు. అమరిక ఫైలును దిద్దినప్పుడు సాధారణముగా ఎవరూ పరీక్షింపరు. పొరపాటు అక్కడనే దూరును.

ఈ ఫైళ్ళను వ్రాయుటకు నేడు వాడుకలో నున్న రూపములు ముఖ్యముగా నాలుగైదు. అన్నిటిలో పాతది విండోసు తొలినాళ్ళ నుండి చూచుచున్న ఐ.ఎన్.ఐ. పద్ధతి: పేరు, సమానపు గుర్తు, విలువ. చదువుటకు సులభము, కాని దానికి అందరూ ఒప్పుకొన్న ప్రమాణము లేదు, చెట్టు కొమ్మలవలె విస్తరించిన వివరములను అందులో ఇముడ్చుట కష్టము. దానిని ఇంతటితో విడిచిపెట్టుదము.

1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణము వెలువడినది. ఆ తరువాత సుమారు పదేండ్లపాటు పెద్ద సంస్థల సాఫ్ట్‌వేరు అంతయు దీనిమయమే. ప్రతి వివరమునకు ముందొక గుర్తు, వెనుక అదే పేరుతో ముగింపు గుర్తు. 'శాఖ' అని మొదలిడి 'శాఖ' అని ముగింపవలెను. ఒక్క అంకె తెలుపుటకు దాని పేరు రెండుమారులు వ్రాయవలెను. ఇది కన్నులకు శ్రమ. నూరు వరుసల ఫైలులో అసలు సమాచారము ముప్పది వరుసలు కూడ ఉండదు. అయినను దీనికొక సుగుణము కలదని ఒప్పుకొనవలెను: ఏ గుర్తులో ఏమి ఉండవచ్చునో ముందుగా నిర్ణయించు స్కీమా పద్ధతి దీనికి 2001 నుండియే ఉన్నది. టెలిఫోను కోడు అక్షరమాలయే గాని సంఖ్య కాదని అందులో నిర్ణయింపవచ్చును. నేటి యువకులు ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు చెప్పగానే ముఖము చిట్లింతురు గాని, ఈ ఒక్క విషయములో దాని తరువాత వచ్చిన రూపములు వెనుకకు పోయినవనుటకు నాకు సంకోచము లేదు.

దాని అసలు దోషము మరొక చోట ఉన్నది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక చిన్న పేరు పెట్టి, ఆ పేరు వచ్చినచోటనెల్ల మరొక వాక్యమును పూరింపుమని ఆజ్ఞాపింపవచ్చును. మూడక్షరముల మాట ఒకటి పెట్టినాము. దానిని పదిమారులు పలుకు రెండవ పేరు, ఆ రెండవ దానిని పదిమారులు పలుకు మూడవ పేరు - ఇట్లు తొమ్మిది మెట్లు కట్టినచో మొదటి మాట నూరు కోట్లమారులు పుట్టును. వ్రాసిన ఫైలు ఒక కిలోబైటు కూడ లేదు. చదువబోయిన యంత్రము జ్ఞాపకశక్తిలో మూడు గిగాబైట్లు నిండి చతికిలబడును. దీనికి 'నూరు కోట్ల నవ్వులు' అని నవ్వులాటకు పేరు పెట్టినారు గాని ఇది నిజమైన దాడి. చదరంగపు గళ్ళలో వడ్లగింజలు రెట్టింపు చేయుచు పోయిన కథ తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యము ఉండదు. పేరు స్థానములో యంత్రములోనే ఉన్న మరొక ఫైలును తెచ్చి పెట్టుమని కోరుటకు కూడ వీలున్నది. దానితో రహస్యములు బయటికి పోయిన సందర్భములు పెక్కు. శాఖ తెరచు వేళ తెలుపుటకు ఇన్ని శక్తులు గల రూపము ఎందుకు?

ఈ బరువు మోయలేకనే లోకము జేసన్ వైపు తిరిగినది. అమెరికాలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అను ఆయన దీనిని ప్రచారములోనికి తెచ్చినాడు. 2006లో దీనికి మొదటి ప్రమాణ పత్రము వచ్చినది. ఇప్పుడు అమలులో నున్నది 2017 నాటిది. జేసన్ నియమములన్నియు ఒక చిన్న పుటలో ఇముడును. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాముతో మాట్లాడుటకు ఇంతకన్న చక్కని రూపము లేదు. కాని అది అందుకొరకు పుట్టినది. మనిషి చేతితో వ్రాసి, మరొక మనిషి ఏడాది తరువాత దిద్దుటకు పుట్టలేదు. దానిని అమరిక ఫైలుగా వాడుట ఉత్తరములకు టెలిగ్రాము భాష వాడుటవంటిది.

మొదట మన సున్న సంగతి. జేసన్‌లో 08564 అని కొటేషను గుర్తులు లేకుండ వ్రాసినచో అది తప్పు. సంఖ్య సున్నతో మొదలు కాగూడదని నియమము. యంత్రము ఫైలునే తిరస్కరించును. ఇది మంచిదే. తప్పును మ్రింగివేయుట కన్న తిరస్కరించుట వేయిరెట్లు మేలు. కాని మరొక చోట మ్రింగును. జేసన్‌లో సంఖ్య ఎంత పొడవుగా ఉండవచ్చునో హద్దు లేదు. చదువు ప్రోగ్రాములకు మాత్రము హద్దు ఉన్నది. జావాస్క్రిప్ట్ భాషలో మామూలు సంఖ్యలు 9007199254740992 వరకే ఒక్కొక్కటిగా నిలుచును. ఇది యాబదిమూడు రెండులను ఒకదానితో నొకటి హెచ్చవేయగా వచ్చిన సంఖ్య. దాని తరువాతి సంఖ్య, అనగా చివర 993 గలది, వ్రాసి చదివించినచో యంత్రము మాటాడక 992గా తిరిగి ఇచ్చును. ఇవి పదునారు అంకెలు. మన ఆధార్ పన్నెండంకెలే గనుక బ్రతికినది. పదునేడు, పదునెనిమిది అంకెల బ్యాంకు ఖాతా సంఖ్యను కొటేషను గుర్తులు లేకుండ వ్రాసినచో చివరి అంకెకు పూచీ లేదు. సొమ్ము ఎవరి ఖాతాకు పోవునో ఊహింపుడు! ఖాతా సంఖ్య కూడ టెలిఫోను కోడువలె పేరే గాని సంఖ్య కాదని ఇక్కడ మరల తెలియుచున్నది.

ఇక వ్యాఖ్యల విషయము. జేసన్‌లో వ్యాఖ్య వ్రాయుటకు చోటు లేదు. మొదట ఉండెడిది. కొందరు ఆ వ్యాఖ్యలలో యంత్రమునకు రహస్య ఆజ్ఞలు ఇరికించుచుండుట చూచి, ఒకరి ఫైలు మరొకరు చదువలేని స్థితి వచ్చునని భయపడి తానే తీసివేసినట్లు క్రాక్‌ఫర్డ్ 2012లో చెప్పినాడు. రెండు యంత్రముల సంభాషణకు ఆ నిర్ణయము సరియైనదే కావచ్చును. అమరిక ఫైలుకు మాత్రము అది గొడ్డలిపెట్టు. ఎందుకనగా అమరిక ఫైలులో విలువ ఎంత అనుదానికన్న ఆ విలువ ఎందుకు అనునది ముఖ్యము.

ఇక్కడ నా అనుభవము ఒకటి చెప్పవలసి యున్నది. కడప జిల్లాలో పెక్కు శాఖలు గల ఒక వాణిజ్య సంస్థలో నేను కొంతకాలము ఈ పని చూచినాను. ప్రతి రాత్రి ప్రధాన యంత్రము ఒక్కొక్క శాఖను పిలిచి ఆనాటి లెక్కలు అడుగును. జవాబుకొరకు ఎంతసేపు వేచియుండవలెనో అమరిక ఫైలులో ఉన్నది. అక్కడ 45 అని వ్రాసినవాడను నేనే. జమ్మలమడుగు శాఖకు లైను మెల్లగా నడుచుచుండెను. పదిదినములు రాత్రివేళ గడియారము పట్టుకొని కూర్చుండి చూడగా ఒక్కొక్కప్పుడు ముప్పదియెనిమిది సెకండ్లు పట్టినది. అందుచేత 45. ఆ సంగతి ఫైలులో వ్రాయుటకు చోటు లేదు గనుక వ్రాయలేదు. నేను అచటినుండి వచ్చివేసిన పిదప ఒక క్రొత్త కుర్రవాడు, బుద్ధిమంతుడే, ఇంతసేపు వేచియుండుట వృథాయని తలచి దానిని 10 చేసినాడు. మిగిలిన శాఖలన్నియు సరిగా జవాబు చెప్పినవి. జమ్మలమడుగు లెక్కలు మాత్రము రాలేదు. ఆ ప్రోగ్రాము 'రాలేదు' అని వ్రాసికొనుటకు బదులు అమ్మకము సున్న అని వ్రాసికొనెను. నెలాఖరున ఆ శాఖ గుమాస్తాలకు కమీషను కోతపడినది. పిల్లల బడి జీతములు కట్టవలసిన నెల అది. తప్పు కనిపెట్టుటకు వారు రెండుమార్లు ప్రధాన కార్యాలయమునకు తిరిగినారు. యంత్రము చెప్పిన లెక్క తప్పుకాదని వారికి మొదట సమాధానము వచ్చినది. కుర్రవానిని నిందింపలేను. ఆ 45 ప్రక్కన ఒక్క వాక్యము ఉన్నచో అతడు దానిని ముట్టడు.

పైగా ఆ 45 ఏమిటి? సెకండ్లా, నిమిషములా, సెకండులో వేయవ వంతులా? ఫైలు చెప్పదు. వాడుకలో నున్న ఏ రూపములోను కొలమానము వ్రాయుటకు ప్రత్యేక స్థానము లేదు. పూర్వము ధాన్యము ఇన్ని తూములు అనగానే ఏ ఊరి తూము అని అడిగేవారు. ఆ గందరగోళమును తొలగించుటకే దేశమంతటికి ఒకే తూనికలు, కొలతలు నిర్ణయించు చట్టము 1956లో చేయవలసి వచ్చినది. బంగారముపై పన్ను నూటికి 3. అమరిక ఫైలులో ఒకడు 3 అని, మరొకడు 0.03 అని వ్రాయును. రెండును సంఖ్యలే, యంత్రము రెంటిని ఒకే మర్యాదతో స్వీకరించును. వర్తకునికో, కొనువానికో నూరు రెట్ల తేడా.

జేసన్‌లోని ఈ చిక్కులు చూచి పెక్కుమంది యామల్‌ను ఆశ్రయించినారు. ఇది 2001లో మొలకెత్తినది, 1.1వ కూర్పు 2005లోను, 1.2వ కూర్పు 2009లోను వెలువడినవి. గూగుల్ సంస్థ 2014లో లోకమునకు ఇచ్చిన కుబర్నెటీస్ మొదలుకొని నేడు సర్వరులను నడుపు పనిముట్లలో ఎక్కువ భాగము దీనినే వాడుచున్నవి. వ్యాఖ్యలు వ్రాయవచ్చును, బ్రాకెట్ల రొద లేదు, చూచుటకు మనము నోటుపుస్తకములో వ్రాసికొన్నట్లే ఉండును. తెలుగులో కూడ వ్రాయవచ్చును:

శాఖలు:
  ప్రొద్దుటూరు:
    కోడు: 08564
    తెరచువేళ: 09:30
  పులివెందుల:
    కోడు: 08568
    తెరచువేళ: 10:30
  హైదరాబాదు:
    కోడు: 040

ఎంత ముచ్చటగా ఉన్నది! అపాయమంతయు ఈ ముచ్చటలోనే ఉన్నది. కొటేషను గుర్తులు అక్కరలేదు గనుక, ఏది మాట, ఏది సంఖ్య అనునది యంత్రమే ఊహించుకొనును. 1.1వ కూర్పు నియమముల ప్రకారము, పైథాన్ భాషలో విరివిగా వాడు పాఠక ప్రోగ్రాము పై ఫైలును ఎట్లు అర్థము చేసికొనునో చూడుడు.

హైదరాబాదు కోడు 040. సున్నతో మొదలై, ఏడు దాటని అంకెలే ఉన్న సంఖ్య అష్టాంశ పద్ధతిలో వ్రాసినదని నియమము. ఎనిమిదుల లెక్కలో 40 అనగా నాలుగు ఎనిమిదులు. కావున హైదరాబాదు కోడు 32 అగును! మదరాసుది 044 గదా. అది 36 అగును. మరి ప్రొద్దుటూరు? 08564లో 8 ఉన్నది. ఎనిమిదుల లెక్కలో 8 అను అంకె లేదు. అందుచేత అది అష్టాంశము కాదు. సున్నతో మొదలగుటచే దశాంశము కూడ కాదు. కావున మాటగానే మిగిలి, క్షేమముగా బయటపడును. మన జిల్లా ఊళ్ళు కేవలము ఒక 8 పుణ్యమున బ్రతికినవి. వీటితో పరీక్షించి చూచి 'అంతా సరిగా ఉన్నది' అని గుమాస్తా సంతోషించును. హైదరాబాదు శాఖ తెరచిననాడు తప్పు బయటపడును. 1.2వ కూర్పును అనుసరించు ప్రోగ్రాములలో కథ మరియొకటి: అక్కడ అష్టాంశ సంఖ్యకు వేరే గుర్తు పెట్టినారు గనుక 040 అనునది 40 అగును, 08564 అనునది 8564 అగును. హైదరాబాదు సగము బాగుపడినది, ప్రొద్దుటూరు చెడినది! ఫైలు ఒక్కటే, అక్షరమైనను మారలేదు. చదివెడు ప్రోగ్రాము మారినందుకు అర్థము మారినది. కడప జిల్లా బండ్లకు చాలకాలము ఉండిన 04 అను సంఖ్య కూడ ఇట్లే ఒంటి 4 అగును.

తెరచువేళల గతి ఇంకను విచిత్రము. 1.1వ కూర్పులో అరువదుల లెక్క కూడ ఉన్నది. 10:30 అనగా పది అరువదులు, ముప్పది, మొత్తము 630. మన పంచాంగములలో గడియకు అరువది విఘడియలు లెక్కించు పద్ధతి ఎక్కడనో కంప్యూటరువారికి కూడ తగిలినదన్నమాట. కాని 09:30 మాత్రము సున్నతో మొదలగుటచే ఈ నియమమునకు లొంగదు. అది మాటగానే ఉండును. ప్రొద్దుటూరు శాఖ ఒక మాటకు తెరచుకొనును, పులివెందుల శాఖ 630 అను సంఖ్యకు తెరచుకొనును. సాయంకాలము 8:15 అని వ్రాసినచో 495.

ఇక 'నార్వే చిక్కు' అని పేరు పొందినది ఒకటి. ఇంగ్లీషులో 'ఎస్', 'నో', 'ఆన్', 'ఆఫ్' అను మాటలను యామల్ 1.1 ఔను, కాదు అని గ్రహించును. దేశముల జాబితాలో నార్వే సంకేతము ఎన్, ఓ అను రెండక్షరములు. జాబితా చదివిన యంత్రమునకు నార్వే దేశము 'కాదు' అయి కూర్చుండును. మనకు నార్వేతో పనిలేదు అందురేమో. ఆ కూర్పు నియమములలో ఒంటరి 'వై' అక్షరము ఔను, ఒంటరి 'ఎన్' అక్షరము కాదు అని కూడ ఉన్నది. మనవారు ఇంటిపేరును ఒక ఇంగ్లీషు అక్షరముగా కుదించి వ్రాసికొందురు. ఉద్యోగుల పట్టికలో ఇంటిపేరుకు వేరే స్థానము ఇచ్చినచో, ఎర్రగుంట్లవారు ఔను అగుదురు, నల్లమలవారు కాదు అగుదురు, మిగిలినవారు తమ అక్షరముతోనే ఉందురు. ఈ నియమమును పాటించు ప్రోగ్రాములు కొన్ని, పాటింపనివి కొన్ని. నిజమునకు పీడ అంతయు ఈ 'కొన్ని'లోనే ఉన్నది.

ఖాళీల సంగతి కూడ చెప్పవలెను. యామల్‌లో ఏది దేనికి చెందునో ఎడమవైపు విడిచిన ఖాళీలే తెలుపును. 'తెరచువేళ' అను వరుస రెండు ఖాళీలు ఎడమకు జరిగినచో అది పులివెందుల శాఖ వివరము కాక, పులివెందులకు తోబుట్టువు వంటి మరొక శాఖ అగును. యంత్రము ఆక్షేపింపదు. కంటికి కనబడని దానిపై అర్థమును నిలుపుట ముద్రణాలయములో కంపోజిటరు పడిన పాట్లు ఎరిగినవారెవరును చేయరు.

పట్టికలవలె ఉండు వివరములకు కొందరు సి.ఎస్.వి. వాడుదురు: కామాలతో వేరుచేసిన విలువలు. అరువు పరిమితి 1,25,000 అని మన పద్ధతిలో వ్రాయుడు. కొటేషను గుర్తులు మరచినచో ఒక్క మొత్తము మూడు గళ్ళలో పడును. ఒకటి, ఇరువదియైదు, మూడు సున్నలు. ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరచినవారికి మరి రెండు బహుమానములు కలవు. 08564 నెత్తిమీది సున్న ఎగిరిపోవును. పొలము సర్వే నంబరు 10/2 అని ఉన్నచో అది తేదీగా మారును. ఈ తేదీల పిచ్చి మన రెవెన్యూ గుమాస్తాలకే కాదు, జీవశాస్త్రజ్ఞులకు కూడ తగిలినది. మార్చి, సెప్టెంబరు నెలల పొట్టిపేర్లను పోలిన జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోవుచుండుటచే, మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించు అంతర్జాతీయ సంఘము 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చినది. సాధనము దిద్దుకొనుటకు ముందే శాస్త్రము దిద్దుకొనవలసి వచ్చినది. ఈ మార్పిడిని ఆపుకొను వసతి ఎక్సెల్‌లో 2023లో గాని రాలేదు. తెలంగాణములో భూమిని ఎకరములు, గుంటలుగా వ్రాయుదురు. ఎకరమునకు 40 గుంటలు. రెండెకరముల పది గుంటలను 2.10 అని వ్రాసినచో యంత్రము చివరి సున్నను వ్యర్థమని తీసి 2.1 చేయును. దానిని తిరిగి చదివిన మనిషి రెండెకరముల ఒక గుంట అనుకొనును. తొమ్మిది గుంటల నేల పోయినది. మన జిల్లాలో సెంట్ల లెక్క గనుక, ఎకరమునకు నూరు సెంట్లు గనుక, వ్రాసినవారు రెండంకెలు తప్పక వ్రాసినంతవరకు కొంత నయము.

ఇంతవరకు చెప్పినది అంకెల విషయము. తెలుగు అక్షరముల విషయము వేరే ఉన్నది. జావా భాషలో పెద్ద సంస్థలు వాడు 'ప్రాపర్టీస్' ఫైళ్ళు పశ్చిమ ఐరోపా లిపులకొరకు ఏర్పడినవి. వాటిలో 'ప' అను ఒక్క అక్షరము వ్రాయవలెనన్న వెనుకకు వాలిన గీత, యు, సున్న, సి, రెండు, ఎ - ఈ ఆరు గుర్తులు వ్రాయవలెను. 'ప్రొద్దుటూరు' మన కంటికి నాలుగక్షరములు. యంత్రమునకు పొల్లు, కొమ్ము, ఒత్తు విడదీయగా పన్నెండు సంకేతములు. ఒక్కొక్కదానికి ఆరు గుర్తుల చొప్పున డెబ్బదిరెండు గుర్తులు! ఆ వరుసను చదివి అది ప్రొద్దుటూరా, పొద్దుటూరా అని చెప్పగల గుమాస్తా పుట్టలేదు. 2017లో జావా తొమ్మిదవ కూర్పు ఈ నిర్బంధమును కొంతవరకు సడలించినది గాని పాత పద్ధతిలో నడుచు ప్రోగ్రాములు ఇంకను ఉన్నవి.

జేసన్‌లో తెలుగు నేరుగా వ్రాయవచ్చును. అయినను ఒక గోతిని చూపెదను. జమ్మలమడుగుకు ఎగువను పెన్నపై గల జలాశయము మైలవరము. 'మై'లోని ఐత్వమును యూనికోడ్‌లో రెండు విధములుగా వ్రాయవచ్చును: ఒకే సంకేతముగా, లేక ఎత్వము, దాని క్రింది భాగము అని రెండు సంకేతములుగా. తెరపై రెండును ఒక్కటే. యూనికోడ్ ప్రమాణము కూడ రెండును సమానములే అనుచున్నది. జేసన్ మాత్రము సంకేతములను సరిపోల్చునేగాని అక్షరములను చూడదు. ఒక ఫైలులో మొదటి విధముగాను, మరొక ఫైలులో రెండవ విధముగాను మైలవరము ఉన్నచో యంత్రమునకు రెండు మైలవరములు. భూతద్దము పెట్టి చూచినను మనకు తేడా కనబడదు. పేరు దొరకనప్పుడు చాల ప్రోగ్రాములు ఆగవు. ముందే నిర్ణయించిన మామూలు విలువను తీసికొని పోవును. జిల్లా పేరు చరిత్ర కూడ తక్కువ చిక్కు కాదు. ఇంగ్లీషు వ్రాత 2005లో మారినది, 2010లో జిల్లా పేరే వై.ఎస్.ఆర్. జిల్లా అయినది, 2025లో కడప పేరు మరల చేరినది. ఒకే పేరును అయిదు ఫైళ్ళలో అయిదుమారులు వ్రాయక తప్పని రూపములలో ఇట్టి మార్పు వచ్చినప్పుడు నాలుగు దిద్ది ఒకటి మరచుట మానవ సహజము.

దీనికి విరుగుడుగా అమరిక ఫైళ్ళలోనే 'ఇది ఉన్నచో అది చేయుము', 'ప్రతి శాఖకు ఇట్లే చేయుము' అను వాక్యములు చొప్పించుట మొదలైనది. ఎక్స్‌ఎమ్‌ఎల్ కాలమున 'ఆంట్' అను పనిముట్టు ఇట్లే పెరిగినది. దానిని నిర్మించిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్, అది ప్రోగ్రాము భాషగా మారునని ముందు తెలిసియున్నచో నిజమైన భాషనే వాడియుందునని తరువాత అంగీకరించినాడు. కుబర్నెటీస్ వచ్చిన తరువాత అదే కథ యామల్‌తో మరల జరుగుచున్నది. హెల్మ్ అను పనిముట్టులో యామల్ వాక్యముల నడుమ రంధ్రములు విడిచి, వాటిలో విలువలు పూరింతురు. పూరించు యంత్రమునకు యామల్ తెలియదు, అక్షరములే తెలియును. కావున ఎన్ని ఖాళీలు విడువవలెనో కూడ మనిషియే వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పవలెను. ఇంత కష్టపడి పొందిన సౌఖ్యమేమో నాకు బోధపడలేదు.

మరి ఏమి వాడవలెను? 2013లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ ఆరంభించి, 2021లో 1.0వ కూర్పుగా స్థిరపడిన టోమల్ కొంత ఊరట. అందులో మాటలకు కొటేషను తప్పనిసరి, వ్యాఖ్యలకు చోటున్నది, తేదీలకు, వేళలకు ప్రత్యేక రూపమున్నది, సున్నతో మొదలగు సంఖ్యను తిరస్కరించును. కాని ఆ కూర్పులో కొటేషను లేని పేర్లకు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, రెండు రకముల చిన్నగీతలు తప్ప చెల్లవు. 'ప్రొద్దుటూరు' అను పేరును కొటేషను గుర్తులలో పెట్టినగాని లోనికి రానీయదు. శాఖల లోపల విభాగములు, విభాగముల లోపల బల్లలు అని లోతు పెరిగినకొలది దాని వ్రాత కూడ చిక్కుపడును. క్యూ, డాల్ వంటి అమరిక భాషలు విలువకు హద్దులను ఫైలులోనే వ్రాయనిచ్చును. వాటిని నేర్చు ఓపిక శాఖలోని గుమాస్తాకు ఉండునా అన్నది వేరు ప్రశ్న. ఉన్న రూపములనే వాడక తప్పనిచో, కోడులు, ఖాతా సంఖ్యలు, వేళలు అన్నిటికిని కొటేషను గుర్తులు పెట్టుట, పేరులోనే కొలమానము చేర్చి 'నిరీక్షణ_సెకండ్లు' అని వ్రాయుట, బంగారమును గ్రాముల దశాంశములలో కాక మిల్లీగ్రాములలో పూర్ణసంఖ్యగా వ్రాయుట, తెలియని పేరు కనబడినచో ప్రోగ్రాము ఆగిపోవునట్లు స్కీమాను బిగించుట - ఇవి ఎవరైనను రేపే చేయదగిన పనులు.

ఆ సంస్థవారు నన్ను పిలిచి అడిగినప్పుడు ఈ సలహాలే చెప్పినాను. స్కీమా బిగించినారు. గుమాస్తాల కమీషను మరుసటి నెలలో కలిపి ఇచ్చినారు. 10 తీసి మరల 45 పెట్టినారు. ఈసారి కారణము కూడ వ్రాసియుంచవలెనని ఆ కుర్రవాడే ముందుకు వచ్చి, జేసన్‌లో వ్యాఖ్యకు చోటు లేదు గనుక 'గమనిక' అను పేరుతో ఒక వరుస చేర్చినాడు. క్రొత్త స్కీమాలో 'గమనిక' అను పేరు లేదు. యంత్రము ఫైలును తిరస్కరించినది. ఆ వాక్యము ఇప్పుడు ఒక కాగితముపై వ్రాసి, సర్వరు ఉంచిన బీరువా తలుపునకు లోపలివైపు అంటింపబడి యున్నది.